కప్పులు గెలిచిన కానిస్టేబుళ్లు

హైదరాబాద్ పోలీసు ఫుట్‌బాల్ జట్టు రోవర్స్ కప్పు తొమ్మిదిసార్లు గెలిచింది, డ్యూరాండ్ కప్పు నాలుగుసార్లు. ఎన్నో ఏళ్ల తర్వాత అదే నగరం పేరుతో పుట్టిన ప్రొఫెషనల్ క్లబ్బు దేశ ఛాంపియన్ అయింది, ఆరేళ్లకే ఢిల్లీకి మూటాముల్లె సర్దుకుంది. చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం నుంచి చూస్తే ఈ రెండు కథలూ కొంచెం వేరుగా కనిపిస్తాయి.

1950లో బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు గెలుచుకొచ్చింది హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు. మరుసటేడూ గెలిచింది. ఆ పై ఏడూ అంతే. 1953లో, 1954లో కూడా కప్పు వాళ్లదే. 1891లో మొదలై 2000-01 దాకా నడిచిన ఆ టోర్నీలో వరసగా అయిదుసార్లు గెలిచిన జట్టు ఇంకొకటి లేదు. మోహన్ బగాన్ వల్ల కాలేదు, ఈస్ట్ బెంగాల్ వల్ల కాలేదు. మొదటి నలభై అయిదేళ్లూ ఆ కప్పు తెల్ల పటాలాలకు తప్ప ఇంకెవరి చేతికీ రాలేదు. 1937లో బెంగళూరు ముస్లిమ్స్ దాన్ని లాక్కున్నాక గానీ మనవాళ్లు కూడా గెలవగలరన్న నమ్మకం కుదరలేదు.

అదే 1950లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్పూ పోలీసులదే. స్వాతంత్ర్యం వచ్చాక జరిగిన తొలి డ్యూరాండ్ అది. ఫైనల్లో ఎదుట మోహన్ బగాన్. మొదటి మ్యాచ్ 1-1 దగ్గర ఆగింది, తేలలేదు. మళ్లీ ఆడించారు. 1-0. ఆ తర్వాత 1954లో ఒకసారి, 1957లో ఈస్ట్ బెంగాల్ మీద ఇంకోసారి, 1961లో తిరిగి మోహన్ బగాన్ మీదే నాలుగోసారి. మనూళ్లలో పోలీసులు వస్తున్నారంటే జనం పక్కకు తప్పుకుంటారు. పాపం కలకత్తా క్లబ్బులకు ఆ వెసులుబాటు కూడా లేకపోయింది.

చట్టం లెక్కన చూస్తే వీళ్లు ప్రొఫెషనల్స్ కారు. కాంట్రాక్టుల్లేవు, వేలంపాటల్లేవు. జట్టును మొదట సిటీ ఆఫ్ఘన్స్ అనేవారు, తర్వాత అది పోలీసుశాఖ నీడకు చేరింది. నూర్ మహమ్మద్, జమాల్, అజీజుద్దీన్, లాయక్, మొయినుద్దీన్ వంటివాళ్లకు ఆటే ఉద్యోగం తెచ్చిపెట్టింది, ఉద్యోగమే ఆటను నిలబెట్టింది. నెలనెలా జీతం వస్తుంది, రిటైరయ్యేదాకా ఢోకా లేదు. ఆ రోజుల్లో బొంబాయిలోని ఏ మిల్లు జట్టయినా ఇంతకుమించి ఇచ్చేది కాదు. అందుకే ఈ జట్టును అసలుసిసలు ప్రొఫెషనల్ క్లబ్బుగానే నేను లెక్కేస్తాను.

ఇప్పుడు మావైపు హైస్కూల్ గ్రౌండ్లకు తెల్లారకముందే వెళ్లి చూడండి. కుర్రాళ్లు కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం రౌండ్లు కొడుతుంటారు. 1600 మీటర్ల పరుగు. ఒకడు సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని గట్టుమీద నిలబడతాడు. "ఇంగా రెండు రౌండ్లుండాయి, ఆగొద్దురా రేయ్" అని అరుస్తాడు. కాళ్లకు రంగు వెలిసిన కాన్వాస్ బూట్లు, కొందరికి అవీ లేవు. పరుగు పాసైతే ఉద్యోగం, ఉద్యోగం వచ్చాక పరుగుతో పనిలేదు. హైదరాబాద్‌లో అప్పుడు కథ తిరగబడి ఉండేది. బంతి బాగా తన్నినవాడికి ఖాకీ ఇచ్చేవారు, ఖాకీ ఇచ్చాక కూడా బంతే తన్నించేవారు.

మద్రాసు వాళ్లం, హైదరాబాద్ వాళ్లు

ఇంతకీ ఆ జట్టు మనదేనా? బంగారుపాళ్యంలో నిలబడి అడిగితే జవాబు ఏడాదిని బట్టి మారుతుంది. పోలీసులు మొదటి రోవర్స్ గెలిచిన నాడు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. మూడో కప్పు, నాలుగో కప్పు మధ్యలో, 1953 అక్టోబరు 1న, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చాం. అప్పటికీ హైదరాబాద్ పరాయి రాష్ట్రమే. 1956 నవంబరు 1న చిత్తూరు జిల్లా, హైదరాబాద్ నగరం ఒకే రాష్ట్రమయ్యాయి. సరిగ్గా నెల తిరిగేసరికి, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరింది. ఆ జట్టులో హైదరాబాద్ మైదానాల్లో ఎదిగినవాళ్లు అరడజను పైనే. బలరాం, జుల్ఫికరుద్దీన్, నూర్, అజీజుద్దీన్, లతీఫ్, అహ్మద్ హుస్సేన్, సలాం. కోచ్ కూడా హైదరాబాదీయే. పుట్టి నెల రోజులైన ఆంధ్రప్రదేశ్ అంత పెద్ద సంబరాన్ని ఎంతవరకు గమనించిందో గానీ, ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లిన భారత ఫుట్‌బాల్ జట్టు ఇప్పటికీ అదొక్కటే.

సంతోష్ ట్రోఫీలో ఇంకా చిత్రం. 1956-57లో తిరువనంతపురంలో, మరుసటేడు సొంత ఊళ్లో, రెండుసార్లూ బొంబాయినే ఫైనల్లో ఓడించి హైదరాబాద్ జట్టు జాతీయ విజేత అయింది. రాష్ట్రం పేరు మారినా ఆటలో పాతపేరే నడిచింది. పోలీసు జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసుగా మారాక 1960లో రోవర్స్ గెలిచింది, 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి పంచుకుంది, 1963లో మళ్లీ ఒంటరిగా గెలిచింది. ఈ చివరి కప్పుల మీద మాత్రం మనకూ హక్కుంది. కాగితం ప్రకారం అవి చిత్తూరు జిల్లావి కూడా.

బడిపంతులు రహీం సాబ్

ఈ కప్పులన్నిటి వెనకా ఒక బడిపంతులు ఉన్నారు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు, ఉస్మానియాలో చదివారు, కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి చోట్ల పిల్లలకు పాఠాలు చెప్పారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో పోలీసు జట్టు పగ్గాలు పట్టి చనిపోయేదాకా వదల్లేదు. భారత జట్టుకూ ఆయనే కోచ్. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం తెచ్చారు.

ఆయన కోచింగు మైదానంలో మొదలవలేదు, పిల్లలకు పెట్టిన పోటీల్లో మొదలైంది. వాటం లేని కాలితోనే ఆడాలన్న నియమంతో టోర్నీలు పెట్టేవారు. కుడికాలివాడు ఎడమకాలితో తన్నాలి, ఎడమకాలివాడు కుడికాలితో. మొదట్లో నవ్వులాటగా ఉంటుంది, బంతి గోల్‌కు పోవలసింది గోడకు పోతుంది. ఏడాది తిరిగేసరికి ఆ కుర్రాడికి రెండు కాళ్లూ వచ్చేస్తాయి. ఇంకోరకం పోటీలో డ్రిబ్లింగ్ పూర్తిగా నిషేధం. బంతి వచ్చిందా, వచ్చినట్టే ఇంకొకడికి ఇచ్చెయ్. ఇద్దరిని తప్పించి ముగ్గురిని బోల్తా కొట్టించి చప్పట్లు కొట్టించుకోవాలనుకునే పిల్లాడికి ఇది చెరసాల. కానీ ఇలా పెరిగినవాడు బంతి అందకముందే తల ఎత్తి చూడటం నేర్చుకుంటాడు. తన పక్కన ఎవడున్నాడు, వాడు ఎటు కదులుతున్నాడు అన్నది బంతికన్నా ముందు చూస్తాడు. పోలీసు జట్టు ఆటలో కనిపించిన చకచకా పాసుల గుట్టు అదే.

తుల్సీదాస్ బలరాం కథ ఇక్కడ చెప్పుకోవాలి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. బూట్లు కొనే తాహతు లేదు. పోలీసులు వాడి పారేసిన బూట్లను చెప్పులు కుట్టేవాడి దగ్గరికి పట్టుకెళ్లి ఫుట్‌బాల్ బూట్లుగా కుట్టించుకున్నానని పెద్దయ్యాక ఆయనే చెప్పుకున్నాడు. ఆట చూసిన రహీం సాబ్ ప్రాక్టీసుకు రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి అంతదూరం వచ్చేదెట్లా అంటే సైకిలు అద్దె డబ్బులు తానే ఇచ్చారు. ఆ కుర్రాడు రెండు ఒలింపిక్స్ ఆడాడు. 1960 రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 1962లో అర్జున అవార్డు అందుకున్నాడు. 2023 ఫిబ్రవరిలో, కోల్‌కతా పొరుగున హుగ్లీ ఒడ్డున కాపురముంటూ, కన్నుమూశాడు.

ఎత్తుగడల విషయంలోనూ రహీం సాబ్ నిద్రపోయిన మనిషి కాదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లు ఎక్కువమంది వట్టి కాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. మరుసటేడు హంగరీ వెంబ్లీలో ఇంగ్లండును 6-3తో ఓడించింది. సెంటర్ ఫార్వర్డును వెనక్కి లాగి ఎదుటి డిఫెండరును గందరగోళపెట్టే పద్ధతి అది. రహీం సాబ్ దాన్ని ఆకళింపు చేసుకుని మెల్‌బోర్న్‌లో ప్రయోగించారు. ఆస్ట్రేలియా మీద నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు, ఒలింపిక్స్‌లో ఆ ఘనత సాధించిన తొలి ఆసియావాసి అతనే. సెమీస్‌లో మళ్లీ అదే యుగోస్లావియా. ఈసారి మొదటి గోల్ మనది. చివరికి 4-1తో ఓడినా, నాలుగేళ్ల కిందటి పది గోల్స్ ఎక్కడ, ఇదెక్కడ? బల్గేరియా చేతిలో 3-0తో ఓడి కాంస్యం చేజారింది.

జకార్తాలో ఆఖరి ఆట

1962 ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వనందుకు మన దేశపు క్రీడాధికారి జి.డి. సోంధీ ఇండోనేషియాను తప్పుపట్టారు. ఆ మంట అంతా మన ఆటగాళ్ల మీదికి మళ్లింది. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో ఫైనల్ నాటికి సెనయాన్ స్టేడియం మొత్తం మనకు వ్యతిరేకం. పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు మాత్రం మనవైపు కేకలు వేశారని తర్వాత మన ఆటగాళ్లే చెప్పారు.

జట్టు పరిస్థితి అంతకన్నా ఘోరం. డిఫెన్స్‌లో స్తంభంలాంటి జర్నైల్ సింగ్‌కు లీగ్ మ్యాచ్‌లో తల పగిలి ఆరు కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, హైదరాబాద్‌లో పుట్టినవాడే, జ్వరంతో ఉన్నాడు. రహీం సాబ్‌కు అప్పటికే కేన్సర్. మొదటి మ్యాచ్‌లో ఇదే కొరియా 2-0తో మనల్ని ఓడించి ఉంది. జర్నైల్‌ను డిఫెన్స్ నుంచి తీసి ముందువరసలో నిలబెట్టడం రహీం సాబ్ వేసిన పాచిక. కట్టు కట్టుకున్న తలతోనే అతను సెమీస్‌లో ఒక గోల్, ఫైనల్లో ఒక గోల్ కొట్టాడు. పి.కె. బెనర్జీ ఇంకొకటి. 2-1. ఆ జట్టులో బలరాంతో పాటు మన రాష్ట్రం నుంచి యూసుఫ్ ఖాన్, డి.ఎం.కె. అఫ్జల్ ఉన్నారు. పేరు ముందు పొడి అక్షరాలు చూసి మా సరిహద్దు జనం తమిళనాడు రాజకీయం అనుకోనక్కర్లేదు, అఫ్జల్ అచ్చమైన హైదరాబాదీ.

1963 జూన్ 11న రహీం సాబ్ పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ స్వర్ణం రాలేదు. 1970 బ్యాంకాక్‌లో కాంస్యం వచ్చింది, ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్‌ది కూడా హైదరాబాదే. ఆ తర్వాత ఏ పతకమూ లేదు. రహీం సాబ్ జీవితం మీద అజయ్ దేవగణ్ నటించిన 'మైదాన్' 2024లో వచ్చింది. తెలుగు నేలమీద ఇంత కథ ఉండి కూడా దాన్ని హిందీవాళ్లు తీయాల్సి వచ్చింది.

జట్టు ఎందుకు చెదిరింది అన్నదానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. 1957లోనే బలరాంను ఈస్ట్ బెంగాల్ ఎత్తుకుపోయింది. 1960ల నడుమ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ అదే దారి పట్టారు. కలకత్తాలో డబ్బుంది, చూడటానికి జనముంది. 1977 సెప్టెంబరులో ఈడెన్ గార్డెన్స్‌కు న్యూయార్క్ కాస్మోస్‌తో పీలే వచ్చినప్పుడు 2-2తో నిలిచిన మోహన్ బగాన్ గోల్స్‌లో ఒకటి హబీబ్‌దే. పోలీసుశాఖ ఇచ్చే ఉద్యోగం మారలేదు, బయటి లోకం మారింది. పైగా రహీం సాబ్ తర్వాత పిల్లల్ని తయారుచేసే పని ఎవరి డ్యూటీ అన్నది ఏ ఫైల్లోనూ రాసి లేదు. 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆ కప్పు మళ్లీ చేతికి రాలేదు.

పసుపు చొక్కాల క్లబ్బు

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019 ఆగస్టు 27న పుట్టింది. అసలు అది కొత్త క్లబ్బు కాదు, మూతపడ్డ పూణే సిటీ లైసెన్సు స్థానంలో విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని తెచ్చిన జట్టు. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం సొంతిల్లు. తొలి సీజన్లో 18 మ్యాచుల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. అప్పుడు స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాడు. కుర్రాళ్ల మీద నమ్మకం పెట్టాడు, రెండో ఏడు జట్టు అయిదో స్థానానికి లేచింది. మూడో ఏడు, 2021-22లో, ఇండియన్ సూపర్ లీగ్ పట్టికలో రెండోది. నైజీరియా ఫార్వర్డ్ బార్తొలోమ్యూ ఒగ్బెచె 18 గోల్స్‌తో గోల్డెన్ బూట్ అందుకున్నాడు.

2022 మార్చి 20, గోవా ఫతోర్డా స్టేడియం. ఫైనల్లో ఎదుట కేరళ బ్లాస్టర్స్. స్టాండ్లన్నీ మలయాళీల పసుపే. విచిత్రం ఏమిటంటే ఆ రాత్రి పసుపు చొక్కా హక్కు హైదరాబాద్‌ది, కేరళ నలుపు వేసుకుని ఆడింది. 68వ నిమిషంలో రాహుల్ గోల్‌తో కేరళ ముందుకెళ్లింది. 88వ నిమిషంలో బంతి గాల్లో ఉండగానే సాహిల్ తవోరా దూరం నుంచి తన్నాడు, 1-1. పెనాల్టీ షూటౌట్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని మూడు ఆపాడు. 3-1తో కప్పు హైదరాబాద్‌ది. జట్టును కాపాడినవాడు గోవా, సమం చేసినవాడు గోవా, చివరి పెనాల్టీ కొట్టిన హాలిచరణ్ నర్జారీ అస్సాం.

కరోనా మూలంగా ఆ సీజనంతా గోవాలోనే జరిగింది, అంతకు ముందుదీ అంతే. అంటే హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ ఆడకుండానే హైదరాబాద్ ఛాంపియన్ అయింది. తప్పు ఎవరిదీ కాదు. కానీ కప్పు గెలిచిన జట్టును సొంత ఊరి పిల్లలు టీవీలో తప్ప చూడలేకపోవడం క్లబ్బుకు చేసిన నష్టం చిన్నది కాదు. 2022-23లో మళ్లీ రెండో స్థానం, సెమీస్‌లో మోహన్ బగాన్ చేతిలో షూటౌట్లో ఓటమి. మార్కెజ్ గోవా వెళ్లిపోయాడు. ఆపైన జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం, ఒకరి వెనక ఒకరుగా ఆటగాళ్ల వలస. 2023-24లో 22 మ్యాచుల్లో ఒకటే గెలుపు. కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో కుర్రాళ్లతో జట్టును నెట్టుకొచ్చాడు. ఛాంపియన్ జట్టు కెప్టెన్, బ్రెజిల్‌కు చెందిన జువావ్ విక్టర్ విదేశీయులంతా వెళ్లిపోయాక కూడా సీజన్ చివరిదాకా నిలబడ్డాడు. ఆ రెండు పేర్లకు నేను ఛాంపియన్లతో సమానంగా మార్కులేస్తాను.

2024లో బి.సి. జిందాల్ గ్రూపు క్లబ్బును కొన్నది. ఆ సీజన్లో అడుగు నుంచి రెండో స్థానం. 2025 అక్టోబరులో జట్టు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుని వెళ్లిపోయింది. మా మామిడి రైతుకు చెబితే నవ్వుతాడు. పీకి నాటిన మొక్క మూడో ఏటికే కాపుకొస్తే దాన్ని ఆరో ఏట మళ్లీ పీకుతారా అంటాడు. సుమారు రెండు నెలలకే, డిసెంబరు 13న, మెస్సీ హైదరాబాద్ వచ్చాడు. ఉప్పల్ స్టేడియం నిండింది. ఫుట్‌బాల్‌కు ఇక్కడ జనం లేరన్నది అబద్ధమని తేలిపోయింది. వారం వారం రావడానికి వాళ్లకు మనదనిపించే జట్టే లేదు.

పోలీసు జట్టుకు, ఈ క్లబ్బుకు తేడా నాకు డబ్బులో కనిపించదు. పోలీసు జట్టు దగ్గర ఉన్నది ఆల్ సెయింట్స్, చాదర్‌ఘాట్ లాంటి బళ్లు, వాటి మైదానాలు, సాయంత్రం అక్కడికి వచ్చే పిల్లలు, వాళ్లను చూసుకునే ఒక పంతులు. ఒగ్బెచెను కొనొచ్చు. ఆ బడిని కొనలేరు.

నగరంలో ఇంకా శ్రీనిధి దక్కన్ ఉంది. మొదట విశాఖపట్నం పేరుతో వచ్చి హైదరాబాద్ శివార్లలో స్థిరపడ్డ ఆ జట్టు ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 రెండేళ్లూ రెండో స్థానంలో నిలిచింది. మాకు మాత్రం హైదరాబాద్ 2014 జూన్ నుంచి మళ్లీ పరాయి రాష్ట్రమే. బంగారుపాళ్యం హైవే మీద పడమటికి పోతే బెంగళూరు ఎఫ్‌సీ, తూర్పుకు పోతే చెన్నయిన్ ఎఫ్‌సీ. ఇక్కడి నుంచి బెంగళూరు వెళ్లి ఉద్యోగాలు చేసే కుర్రాళ్లు కంఠీరవ స్టేడియంలో నీలిచొక్కా వేసుకుని కూర్చుంటే తప్పుపట్టడానికి లేదు.

రాయలసీమలో పిల్లలకు పద్ధతిగా ఫుట్‌బాల్ నేర్పే పని అనంతపురంలో జరుగుతోంది. విసెంటే ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ అక్కడ స్పోర్ట్స్ విలేజ్ కట్టింది. స్పెయిన్ లా లిగా వాళ్ల తోడ్పాటుతో పల్లె ఆడపిల్లలు, మగపిల్లలు అక్కడ ఆడుతున్నారు. ఆడపిల్లల మాట వచ్చింది కాబట్టి ఇంకొక్క సంగతి. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్యను 2024-25కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఎంపిక చేశారు. ఆ సీజన్లో ఆమె ఆడింది ఈస్ట్ బెంగాల్‌కు, బలరాం 1957లో వెళ్లి చేరిన క్లబ్బుకే.